నాలుగడుగుల పదిన్నర అంగుళాలు

మా ఊళ్లో ఎవరైనా "నాకో తుపాకీ కావాలి" అంటే "ఎందుకు?" అని అడగడం మర్యాద కాదు. కడుపుతో ఉన్నానని చెప్పినావిణ్ణి ఎందుకని అడుగుతామా? ఇదీ అంతే. అభినందించి ఊరుకోవాలి.

అందుకే ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి భోజనాల హాల్లో కోడి తొడ చేత్తో పట్టుకుని నేనా మాట అనగానే, ఎందుకని ఒక్కరూ అడగలేదు. హాలు హాలంతా సంతోషించింది.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందే నీకు!" అంది మా నాన్నమ్మ ఓపల్, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. నా కాలేజీ పట్టా చూసినప్పుడు ఆవిడకి కళ్లు చెమర్చలేదు.

రెండు నిమిషాల్లో ఆరు హ్యాండ్‌బ్యాగులు తెరుచుకున్నాయి. చీజు వేసి కాల్చిన చిక్కుడుకాయల పళ్లేనికీ పీచ్ పళ్ల కేకుకీ మధ్య, తూటాలు తీసేసి, కాగితం రుమాళ్ల మీద ఆరు తుపాకులు వరసగా కొలువు తీరాయి. ఆ వారం కేకులకి కూడా అంత మెప్పు దక్కలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. పేరు టాలీ. పొడుగ్గా వినిపించే పేరు పెట్టి అమ్మానాన్నలు తమ వంతు పని తాము చేశారు. మిగతాది నా వంతు, అదే కుదరలేదు. ఊళ్లో అందరూ పిలిచేది చిటికెడు అని. వయసు ఇరవై నాలుగు. తడి బట్టలతో, జేబుల నిండా తాళాలతో తూచినా తొంభై ఆరు పౌన్లు దాటను. మా ఓక్లహోమాలో పెనుగాలి హెచ్చరిక వస్తే ఇంట్లోవాళ్లు ముందు వరండాలో కుర్చీలు లోపల పెడతారు, తర్వాత నన్ను.

మా డ్వెయిన్ బాబాయికి ఇళ్లూ పొలాలూ అమ్మిపెట్టే ఆఫీసుంది. ఖాళీ ఇళ్ల తాళాలు తీసి, వచ్చినవాళ్లకి చూపించడం నా పని. ఖాళీ సమయంలో నేను ఊరికి చేసే సేవ వేరే ఉంది. ఒకసారి పోలీసు స్టేషన్ ముందు "అమ్మబడును" బోర్డు పాతాను. ఇద్దరు ఫోన్ చేసి ధర అడిగారు. ఒకాయన జైలు గదులు పిల్లలకి బాగుంటాయా అని కూడా అడిగాడు. మరోసారి, చంద్రుడిలా ఉండే నేల కోసం వ్యోమగామి ఒకాయన వెతుకుతున్నాడని చెబితే, బ్యాంకు మేనేజరు నలభై మైళ్లు కారు తోలుకెళ్లి బావమరిది పొలం ఫొటోలు తీసుకొచ్చాడు. అప్పట్నుంచీ నేనేం చెప్పినా ఊరు అందులో సగం తీసేస్తుంది. మిగిలిన సగానికి నవ్వుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఆదివారానికి మూడు వారాల ముందు, ఊరికి పదకొండు మైళ్ల అవతల ఉన్న కిన్నీ వాళ్ల పాత ఇల్లు చూస్తానని ఒకాయన వచ్చాడు. పేరు హార్లన్ అన్నాడు. గదులన్నీ చూశాడు. చూసి వెనక్కొచ్చి, వీధి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇంత చిన్నపిల్లని ఒక్కదాన్నే పంపుతారా?" అన్నాడు నవ్వుతూ.

కాసేపటికి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. అంతే. ఏమీ జరగలేదు.

ఆఫీసుకొచ్చి బాబాయికి చెప్పాలని నోరు తెరిచాను. నా నోరు తనకి తెలిసిన దారినే పోయింది. "బాబాయ్, ఆయన ఏడడుగులున్నాడు! గుమ్మంలో వంగి, ఇంకోసారి వంగి లోపలికొచ్చాడు. ఒక్కో చెవి అట్లపెనమంత. తలుపుకి అడ్డంగా నిలబడితే ఇంట్లో చీకటి పడి లైట్లేశాను. కప్పు మరమ్మతుకి ఎంతవుతుందో చెబితే మూర్ఛపోయాడు!"

కాఫీ ముక్కులోంచి వచ్చేదాకా నవ్వాడు బాబాయ్. "ఇంకోసారి చెప్పవే చిటికెడూ, మీ పిన్ని కూడా వింటుంది," అని ఫోన్ కలిపాడు. పిన్నికి చెప్పేసరికి ఏడున్నర అడుగులైంది. చర్చిలో పోలీసు డిప్యూటీకి చెప్పినప్పుడు మరో అంగుళం పెరిగింది. ఆయన పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. వారం తిరిగేసరికి ఈ కథ ఊరంతటికీ చేరింది.

నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచీ ఖాళీ ఇంట్లో అడుగు పెట్టలేదు. ఇళ్లు వాకిట్లోంచే చూపిస్తున్నాను. "మీరు చూసి రండి, నేనీ గడ్డి చూస్తూ ఉంటాను," అంటాను. ఒక కుటుంబమైతే నేల కూలిపోయేలా ఉందేమోనని గుమ్మంలోంచే తొంగి చూసి వెళ్లిపోయింది. ఇంకో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "లోపల ఎవరైనా పోయారామ్మా?" అని గుసగుసగా అడిగింది.

ఆ ఆదివారానికి రెండ్రోజుల ముందు, శుక్రవారం, హార్లన్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. వచ్చే శనివారం పదింటికి, అదే ఇల్లు, చూపించడానికి మాత్రం ఆ చిన్నమ్మాయే రావాలన్నాడు.

"ఏడడుగులాయన కొనేటట్టే ఉన్నాడే!" అని బాబాయ్ కాలెండర్లో ఆ తేదీ చుట్టూ నక్షత్రాలు గీశాడు.

వెళ్లనని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పడం మొదలుపెడితే మళ్లీ ఆయన చెవులు పెరుగుతాయి. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. నాకు తుపాకీ కావాలంటే, ఇంత పిల్లకి అదెందుకని ఎవరో ఒకరు అడుగుతారు, అడిగితే ఈసారి తిన్నగా చెప్పేద్దాం అనుకున్నాను. మా ఊరి మర్యాద నా లెక్కలో లేకుండా పోయింది. నాకు ఒక్క ప్రశ్న కావాల్సొస్తే, ఆరు తుపాకులొచ్చాయి.

సోమవారం సాయంత్రం నాన్నమ్మ పశువుల బీట్లో, పాడైన బట్టలుతికే మిషన్ని శత్రువుగా నిలబెట్టి పరీక్షలు మొదలుపెట్టాం.

మొదటిది తాతయ్య రివాల్వర్. ఎత్తడానికి రెండు చేతులూ ఒక ప్రార్థనా కావాలి. పిడి పట్టుకుంటే నా వేలు ట్రిగ్గర్ దాకా రాలేదు, గోరు మాత్రం వచ్చింది. గోరుతోనే నొక్కాను. తాతయ్య ఆత్మ కూడా ఒక చెయ్యి వేసిందనుకుంటా, మొత్తానికి పేలింది. పక్క జిల్లాలో వాన పడుతోందని నాకు అప్పుడే తెలిసింది, అంతెత్తుకి లేచాను.

రెండోది పాస్టరు గారి భార్య లొరెటాది. గులాబీ రంగు పిస్టల్. సబ్బుబిళ్లంత.

"అయ్యో, ఎంత ముద్దుగా ఉందో నీ చేతిలో!" అన్నారందరూ ఒక్కసారే.

చిన్న మనిషికి చిన్న తుపాకీ. ఈ విషయంలో మా ఊళ్లో రెండో అభిప్రాయం లేదు. ఆ లెక్కన నేను చిన్న కార్లో తిరగాలి, చిన్న వానలో తడవాలి. సరే, దాని పై భాగాన్ని వెనక్కి లాగి వదిలితేగానీ తూటా లోపలికి ఎక్కదన్నారు. లాగాను. రాలేదు. ఊపిరి బిగబట్టి లాగాను. నా భుజం వచ్చేలా ఉందిగానీ అది రాలేదు. కింద కూర్చుని, మోకాళ్ల మధ్య ఇరికించి లాగుతుంటే నాన్నమ్మ కుక్క సిగ్గుపడి ఇంట్లోకి వెళ్లిపోయింది. చివరికి లొరెటానే లాగి ఇచ్చింది. పేల్చాను. తూటా ముందుకి వెళ్లిందో లేదో తెలీదు, నేను మాత్రం వెనక్కి వెళ్లాను. బొటనవేలి మొదలు పచ్చడైంది.

"దొంగ వస్తే ఏం చేస్తావే? లొరెటాని పిలిపిస్తావా?" అంది నాన్నమ్మ.

"ఆవిడొచ్చేదాకా ఆయన్ని కూర్చోమని కాఫీ ఇస్తాను," అన్నాను.

అందరూ నవ్వారు. చూశారా, మళ్లీ అదే.

మూడోది బాబాయిది, పిన్ని బ్యాగులో ఉండేది. అది నేను పేల్చనే లేదు. దాని తూటా లావే సరైనదని బాబాయీ, సన్న తూటాలు ఎక్కువ పడతాయి కాబట్టి అవే మేలని పాస్టరు గారూ వాదనకి దిగారు. బాప్తిస్మానికి నీళ్లు చల్లితే చాలా, ముంచి తీరాలా అన్న గొడవ కూడా మా చర్చిలో అంతసేపు సాగలేదు. పొద్దుగుంకేసరికి ఇద్దరూ కార్లెక్కి చెరో దిక్కూ పోయారు. మిగతా మూడింటి వంతు రానేలేదు, బట్టలుతికే మిషన్ మీద చిన్న గీత కూడా పడలేదు.

గురువారం పొద్దున్నే వెర్నెల్ అత్త కొట్టుకి వెళ్లాను. ఆవిడ నాకేమీ కాదు, ఊరందరికీ అత్త. కొట్లో ముందు సగం చేపల ఎరలు, వెనక సగం తుపాకులు. ముప్పయ్యేళ్లు మా బళ్లో పిల్లలకి వండిపెట్టింది. అందరికీ ఒక గరిట ఆలుగడ్డ ముద్ద పెడితే, పెరుగుతానన్న ఆశతో నాకు మూడు పెట్టేది. ఇప్పటికీ నన్ను చూసినప్పుడల్లా గిన్నె మాడిపోయిన మొహం పెడుతుంది.

"రావే చిటికెడూ. వానపాములా, తూటాలా?"

"తుపాకీ అత్తా."

ఆవిడా ఎందుకని అడగలేదు. "చెయ్యి చాపు," అంది. నా అరచేతిని తన అరచేతికి ఆనించి కొలిచింది. వేళ్లు మడిచి చూసింది. బొటనవేలి దగ్గర నల్లగా కమిలిన చోట ఆగింది.

"ఇదెవరి ఘనకార్యం?"

"లొరెటా గారి గులాబీది."

"ఆవిడ దాన్ని ఎప్పుడైనా పేల్చిందా అసలు?"

"బ్యాగు రంగుకి కలిసిందని కొందట."

"ఆహా. ఇదుగో విను. తేలికదైతే పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా నువ్వు తినాలి. బరువుంటే సగం అదే తినేస్తుంది. బుల్లిపిల్లకి బుల్లి తుపాకీ అన్నవాడెవడో బుల్లి బుర్రవాడే."

అద్దాల బీరువాలోంచి ఒక పిస్టల్ తీసి కౌంటరు మీద పెట్టింది. వాడినదే. ఉక్కుది. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. అందంలో చెప్పుకోదగ్గదేమీ లేదు, కుళాయి విప్పే పానాలా ఉంది.

"ఇదేంటత్తా, ఇటుకలా ఉంది?"

"ఇటుకే. లోపలి స్ప్రింగు మాత్రం మెత్తన. ఖాళీగా ఉంది, నువ్వూ చూసుకో. గొట్టం గోడవైపు, వేలు బయట. ఇప్పుడు పై భాగం లాగు."

మోకాళ్లు దగ్గరికి చేర్చాను.

"ఏయ్, ఏయ్! ఎక్కడ పెడుతున్నావే దాన్ని! ఎవరు నేర్పార్రా ఈ పిల్లకి! లాగకు. పై భాగాన్ని ఎడం చేత్తో పిడికిలి బిగించి పట్టుకో. ఒంటికి దగ్గరగా పెట్టుకో. ఇప్పుడు కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యి, ఇరుక్కున్న సొరుగుని తోసినట్టు."

తోశాను. టక్కుమని వచ్చింది. అంత సులువుగా వస్తుందనుకోలేదు, చుట్టూ చూశాను లొరెటా ఎక్కడైనా ఉందా అని.

కొట్టు వెనకాల మట్టిగట్టు ఉంది. అక్కడ పేల్చి చూడందే అత్త ఎవరికీ తుపాకీ అమ్మదు. కర్రకి కాగితం పళ్లెం గుచ్చి పెట్టింది, బడి వంటింటి అలవాటు ఇంకా పోలేదు. అయిదు పేల్చాను. నాలుగు పళ్లేనికి తగిలాయి. అయిదోది ఎక్కడికి పోయిందో నాకు తెలీదుగానీ, పళ్లెం గుచ్చిన కర్ర పొట్టిదైపోయింది. నేను మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాను.

"బాగా పేల్చావే. పిడి నీ చేతికి సరిపోయింది," అంది అత్త, ఆశ్చర్యం దాచుకోకుండా. "రా, ఫారం రాద్దాం."

ఆ ఫారం చాలా ఆసక్తి ఉన్న ఫారం. నేను పరారీలో ఉన్నానా అని అడిగింది. మత్తుమందు తీసుకుంటానా అని అడిగింది. పుట్టిన ఊరు, బరువు, ఎత్తు అడిగింది. ఎందుకు కావాలో అది కూడా అడగలేదు. దాన్ని రాసినవాళ్లది మా ఊరే అయ్యుంటుంది. ఒక చోట మాత్రం లావు అక్షరాల్లో ఉంది, అబద్ధం రాస్తే జైలని.

ఎత్తు గడి దగ్గర నా కలం ఆగింది. పదహారేళ్లప్పుడు డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేచోట ఎత్తెంత అని అడిగితే, అయిదడుగుల రెండంగుళాలన్నాను. అక్కడావిడ తలెత్తకుండా రాసేసుకుంది. ఎత్తి ఉంటే బల్ల అంచు మీద నా నుదురొక్కటే కనిపించేది. ఎనిమిదేళ్లుగా ప్రభుత్వం వారి దృష్టిలో నేను అయిదడుగుల రెండు. ఆ అంగుళాలంటే నాకు ప్రేమ. కానీ జైలు. నా ఎత్తుకి సరిపోయే జైలు బట్టలు కూడా ఉండవు.

నాలుగడుగుల పదిన్నర అని రాశాను.

అత్త ఫారం ఒక చేత్తో, లైసెన్సు ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఇక్కడ నాలుగు పదిన్నర. ఇక్కడ అయిదు రెండు. ఏది అబద్ధమే?"

"లైసెన్సు."

"అయితే ఫారంలో నిజం రాశావా? నువ్వు?" అత్త స్టూలు లాక్కుని కూర్చుంది. గట్టిగా నవ్వుతోంది. "ఉండు, ఉండు. మరి మీ ఏడడుగులాయన సంగతేంటి? ఆయన్ని కూడా ఫారం మీద రాయాలంటే, జైలు భయంతో, ఎంతని రాస్తావ్?"

ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. ఫారంలో అన్ని గడులు లేవత్తా, వెనక ఇంకో కాగితం అతికించాలి అనాలి. నోటిదాకా వచ్చింది. కలం ఇంకా చేతిలోనే ఉంది.

"అయిదడుగుల తొమ్మిది," అన్నాను.

అత్త ఇంకా నవ్వుతూనే ఉంది. "తర్వాత?"

"తర్వాతేం లేదు. మామూలు మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు."

"గుమ్మంలో వంగాడన్నావుగా?"

"వంగలేదు. తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు."

అత్త నవ్వు ఆగింది. మొహం మీది నవ్వు మాత్రం పోవడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

"మూర్ఛపోయాడన్నావ్."

"లేదు. నన్ను చూస్తూ నిలబడ్డాడు. పదకొండు నిమిషాలు. వంటింటి పొయ్యికే ఒక గడియారముంది, ముందు గదిలోంచి అది చూస్తూ ఉన్నాను. ముట్టుకోలేదు. ఏమీ అనలేదు, ఇంత చిన్నపిల్లని ఒక్కదాన్నే పంపుతారా అన్నాడంతే. తర్వాత వెళ్లిపోయాడు."

ఎర చేపల తొట్టిలో గాలి మోటారు గుడగుడమంటోంది. అత్త ఫారం కింద పెట్టింది. ఊరి మర్యాద కూడా దాంతోపాటే పక్కన పెట్టింది.

"నీకెందుకే తుపాకీ?" అంది.

"ఎల్లుండి పదింటికి మళ్లీ వస్తున్నాడత్తా. నేనే రావాలని అడిగాడు."

అత్త పిస్టల్‌ని తన వైపు జరుపుకుంది. "ఇది నీకిస్తాను. నీ చేతికి సరిపోయింది, మంచిది. కానీ ఎల్లుండికి ఇది జవాబు కాదే తల్లీ. నువ్వు వెళ్లకపోవడం జవాబు," అని ఫోన్ అందుకుంది. "డ్వెయిన్! నవ్వకుండా విను."

పావుగంట దారి. బాబాయ్ ఎనిమిది నిమిషాల్లో వచ్చాడు. వానపాముల ఫ్రిజ్ పక్కన నిలబడి, టోపీ తీసి, దాని లోపలివైపు చూస్తూ ఉన్నాడు.

"అయిదు తొమ్మిదా?" అన్నాడు.

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను బాబాయ్. నువ్వు నవ్వావు."

"నువ్వు నవ్వించావే!"

"అవును," అన్నాను. "అదీ నిజమే."

బాబాయ్ ఆఫీసు చీటీలో రాసుకున్న నంబరుకి ఫోన్ చేశాడు. కస్టమర్లతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు. "హార్లన్ గారా? శనివారం ఇల్లు నేనే చూపిస్తానండీ, పదింటికి."

అవతలి మాటలు మా ముగ్గురికీ వినిపించాయి. "ఆ అమ్మాయి రాదా?"

"రాదండీ."

"అయితే వద్దులెండి."

అవతల పెట్టేశాక కూడా బాబాయ్ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాడు. మొహం మెడ దాకా ఎర్రగా అయింది. తర్వాత డిప్యూటీకి ఫోన్ చేసి పేరూ నంబరూ చెప్పాడు. నన్ను కూడా మాట్లాడమన్నాడు. నేను ఎత్తుతో మొదలుపెట్టాను. డిప్యూటీ ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ నంబరు ఎవరిదో చూస్తానన్నాడు. చివర్లో, "ఆ రోజు నవ్వినందుకు ఏమనుకోకమ్మా," అన్నాడు. ఆయన నన్ను అమ్మా అనడం అదే మొదలు. నాకెంత ఇబ్బందిగా ఉందంటే, పోలీసు స్టేషన్ ముందు బోర్డు నేనే పాతానని కూడా ఒప్పేసుకున్నాను.

ఈలోగా అత్త ఫారం వివరాలు, పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసే పై ఆఫీసుకి ఫోన్లో చదివి వినిపించింది. ఇవ్వొచ్చన్నారు. "ఇంకా కావాలా?" అంది నన్ను చూసి.

"కావాలి. ఖాళీ ఇళ్లు ఇంకా బోలెడున్నాయి."

"అయితే నెల రోజులు ప్రతి మంగళవారం వచ్చి గట్టు మీద పేల్చాలి. అప్పటిదాకా ఇది బీరువాలోనే ఉంటుంది, బ్యాగులో కాదు. కర్రలు కూడా నువ్వే తెచ్చుకో."

శనివారం పదింటికి బాబాయీ నేనూ కిన్నీ ఇంటికి వెళ్లాం. ఎవరూ రారని తెలుసు. అయినా వెళ్లాం. రోడ్డు మీద ఒక్క బండి లేదు. బాబాయ్ వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"నేనిక్కడే ఉంటా. లోపలికి వెళ్తావా? లేదంటే గడ్డి చూద్దాం. గడ్డి బాగానే ఉంది."

తాళం తీశాను. తాళంచెవి మొదటిసారి పక్కకి గుచ్చుకుంది, రెండోసారి పట్టింది. తలుపు తీసి, గోడ దాకా తోసి, ఒక రాయి అడ్డం పెట్టి లోపలికి వెళ్లాను.

"ఉన్నావా?" అని అరిచాడు బాబాయ్ బయట్నుంచి.

"ఉన్నా!" అన్నాను, ముందు గదిలోంచి.

ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా మళ్లీ. "ఉన్నావా?"

"ఉన్నా! నడవలో!"

పడగ్గది చూశాను. కిటికీ తీశాను. స్నానాల గదిలో కుళాయి కారుతోంది, కట్టేశాను. బాబాయ్ అరుస్తూనే ఉన్నాడు, నేను పలుకుతూనే ఉన్నాను. చివరగా వంటింట్లోకి వచ్చాను. పొయ్యి మీద గడియారం పది గంటల పదహారు నిమిషాలు చూపిస్తోంది.

"ఉన్నావా?"

పలక్కుండా ఊరుకుంటే? ఒక్క నిమిషం చాలు. రెండొందల పౌన్ల బాబాయ్, గుండెలు చేత్తో పట్టుకుని, రాయి తట్టుకుని, గడప మీద బోర్లా పడి, అలాగే వంటింటి దాకా జారుకుంటూ వస్తాడు. ఆయన వచ్చే వేగానికి ఈ ఇల్లు పునాదుల్తో సహా రెండడుగులు పక్కకి జరుగుతుంది, కొలతలన్నీ మళ్లీ తీసుకోవాలి. పదేళ్లు చెప్పుకోవచ్చు ఆ కథ. నాలుక చివరి దాకా మౌనం వచ్చి కూర్చుంది.

"టాలీ?" ఈసారి బాబాయ్ గొంతు మారింది. మెట్టు మీంచి లేచిన చప్పుడైంది.

"ఉన్నా బాబాయ్," అన్నాను గబుక్కున. "వంటింట్లో ఉన్నా. నువ్వు కూర్చో."